యుద్ధంలో పట్టుబడిన పైలట్ జాడ, అతని అన్న జాడ: వెతికే పద్ధతి

రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగిరాని అన్నదమ్ముల సంగతి వెతకబోయేవారు మొట్టమొదట చేయవలసిన పని రెండు నోటుపుస్తకాలు కొనుక్కోవడం. ఒకటి అన్నకు, ఒకటి తమ్ముడికి. మా బాపమ్మ అన్నలిద్దరి జాడ కోసం నేను పెట్టిన ఆరేళ్ళలో మొదటి రెండేళ్ళు దారి తప్పడానికి కారణం ఈ చిన్న పని చేయకపోవడమే. హనుమకొండలోని మా ఇంట్లో ఇద్దరి కథనూ కలిపి ఒకే కథగా చెప్పుకునేవారు. "ఇద్దరూ సింగపూర్‌లనే పోయిండ్రు బిడ్డా" అని బాపమ్మ అనేది. పెద్దాయన పదాతిదళంలో సిపాయి, చిన్నాయన ఫైటర్ పైలట్. సిపాయి సింగపూర్‌లో పట్టుబడిన మాట నిజం. పైలట్ మాత్రం సింగపూర్ ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన పేరు సింగపూర్‌లో రాతి మీద చెక్కి ఉన్నది. ఆ ముడి ఎట్లా విడిందో దాని చోట చెబుతాను. వరంగల్, కరీంనగర్, ఖమ్మం ప్రాంతాలలో ఇటువంటి కథ మిగిలిన కుటుంబాలు ఏ కాగితాన్ని ముందు చూడాలో, ఏ దస్త్రాన్ని ఎట్లా చదవాలో నేను నేర్చుకున్న వరుసలోనే రాస్తున్నాను.

ఇంటి సందుగతో మొదలు

ఢిల్లీకో లండన్‌కో ఉత్తరం రాయడానికి ముందు ఇంట్లో ఉన్న ప్రతి కాగితాన్నీ బయటికి తీయాలి. తంతి, పోస్టుకార్డు, మనీయార్డర్ రసీదు, పతకం, ఫోటో, ఆ ఫోటో వెనుక రాత, ఇవన్నీ పనికివచ్చేవే. ప్రతిదానికీ రెండు వైపులా ఫోటో తీయండి. చినిగిన కాగితానికి టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే చేయించవద్దు.

మా సందుగలో ఒక తంతి దొరికింది. పలచని కాగితం, నాలుగు మడతలు, మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి. "మిస్సింగ్" అన్న మాట ఒక్కటే స్పష్టంగా కనిపించేది కాబట్టి పైలట్ గల్లంతయ్యాడని మూడు తరాల వాళ్ళూ అనుకున్నారు. ఒకరోజు రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిలైటును కాగితానికి పక్క నుంచి, దాదాపు నేలబారుగా పట్టి చూస్తే, మడత గీత మీద నొక్కుడుగా మిగిలిన మరి కొన్ని అక్షరాలు నీడలతో లేచి కనిపించాయి. "మిస్సింగ్, బిలీవ్డ్ ప్రిజనర్ ఆఫ్ వార్." బందీ అయినట్లు నమ్ముతున్నాం అని దాని అర్థం. వైమానికదళం ఆ మాటను ఊరకే వాడదు. విమానం కూలి పైలట్ చనిపోయాడని తోస్తే "మిస్సింగ్, బిలీవ్డ్ కిల్డ్" అని రాసేవారు, ఏమీ తెలియకపోతే ఒట్టి "మిస్సింగ్" అని రాసేవారు. బందీ అయ్యాడని రాశారంటే ఆయన ప్రాణాలతో నేలకు దిగాడని ఎవరో చూసి ఉండాలి, లేదా శత్రువు నుంచి ఏదో కబురు వచ్చి ఉండాలి. ఆ ఒక్క మాటతో నా వెతుకులాట దిశ మారిపోయింది.

పతకాలను కూడా జాగ్రత్తగా చూడండి. మలయా, సింగపూర్ యుద్ధాలలో ఉన్నవారికి పసిఫిక్ స్టార్, బర్మా యుద్ధంలో ఉన్నవారికి బర్మా స్టార్ ఇచ్చారు. ఈ రెండూ ఒకే మనిషికి ఇవ్వరు. రెండింటికీ అర్హత ఉన్నవారికి ఒక పతకం, దాని రిబ్బన్ మీద రెండోదానికి గుర్తుగా చిన్న పట్టీ ఇస్తారు. కాబట్టి ఒకే పెట్టెలో రెండు నక్షత్రాలూ ఉంటే అవి ఇద్దరు మనుషులవని మొదటే అనుమానించాలి. మా పెట్టెలో రెండూ ఉన్నాయి. ఇద్దరూ ఒకేచోట పోలేదని అవి ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాయి, అడిగినవారు లేరు.

పెద్దవాళ్ళను అడిగేటప్పుడు "ఏమైంది" అని కాక చిన్న చిన్న సంగతులు అడగాలి. డబ్బు ఎక్కడినుంచి వచ్చేది, ఎవరు తెచ్చేవారు, అవి హాలీ రూపాయలా, కల్దారు రూపాయలా? నిజాం రాజ్యంలో హాలీ సిక్కా చెలామణిలో ఉండేది, ఇంగ్లీషువాళ్ళ రూపాయిని కల్దారు అనేవారు. చిన్నాయన పేరు మీద కల్దారు రూపాయలు వచ్చేవని మా చిన్నతాతకు గుర్తున్నది. అది గట్టి రుజువు కాదు గాని, జీతం బ్రిటిష్ ఇండియా ఖజానా నుంచి వచ్చి ఉంటుందన్న దారి చూపింది.

పేరు, ఊరు, తేదీ

మన పేర్లు ఇంగ్లీషు దస్త్రాలలోకి ఎక్కేటప్పుడు రెండు విధాల చెడిపోతాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, గుమాస్తా దాన్నే సొంత పేరనుకొని వెనకామందు చేస్తాడు. రెండోది అక్షరాల సంగతి. నర్సయ్య అన్న ఒక్క పేరు నరసయ్య, నరసియా, నర్సింగ్ అని మూడు దస్త్రాలలో మూడు రకాలుగా ఉండవచ్చు. నిజాం ప్రభుత్వ దస్త్రాలు ఉర్దూలో ఉంటాయి, ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు, ఉ, ఒ రెండింటికీ ఒకే గుర్తు సరిపెడతారు. కొండయ్యను కుండయ్య అని చదివినా లిపి అడ్డు చెప్పదు. అందువల్ల వెతకడానికి ముందే ఆ పేరు ఎన్ని విధాలుగా రాయగలరో ఒక పేజీ నిండా రాసుకోండి. పేరుతో దొరకనప్పుడు తండ్రి పేరుతో, ఊరి పేరుతో వెతకండి.

ఊరు అన్నప్పుడు ఆనాటి జిల్లా ముఖ్యం. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడిపోయింది కాబట్టి యుద్ధకాలపు కాగితంలో మధిర వైపు మనిషి ఊరు వరంగల్ జిల్లాలోనే ఉంటుంది. ఇప్పటి ములుగు, జనగామ, మహబూబాబాద్ జిల్లాల పేర్లతో వెతికితే ఏమీ దొరకదు.

తేదీల విషయంలో మూడు పంచాంగాలు తెలిసి ఉండాలి. నిజాం ప్రభుత్వం ఫస్లీ సంవత్సరాన్ని వాడేది. అది ఆజర్ నెలతో, అంటే మన లెక్కలో అక్టోబరులో, మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి అయితే 591 కలపాలి. జపాన్ దస్త్రాలు షోవా సంవత్సరాలలో ఉంటాయి, వాటికి 1925 కలపాలి. సింగపూర్ పడిపోయిన 1942 ఫిబ్రవరి, మన ఊరి దస్త్రంలో ఫస్లీ 1351, జపాన్ వారి కార్డు మీద షోవా 17. నోటుపుస్తకంలో దొరికిన తేదీని దొరికినట్టే రాసి, మార్చిన తేదీని పక్కన వేరే సిరాతో రాయండి. మార్చేటప్పుడు పొరపాటు పడితే తిరిగి సరిచూసుకునే వీలుంటుంది.

మూడు హైదరాబాదులు

మన ప్రాంతం వారు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. "మా తాత హైదరాబాద్ రెజిమెంటులో ఉండేవాడు" అన్న మాటకు ఆ రోజుల్లో ఒకదానికొకటి సంబంధం లేని అర్థాలున్నాయి.

ఒకటి, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. పాత హైదరాబాద్ కాంటింజెంటు నుంచి వచ్చిన పేరు అది. యుద్ధం నాటికి అందులో కుమావోనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ. 1945 అక్టోబరులో దాని పేరు కుమావోన్ రెజిమెంట్‌గా మారింది, కేంద్రం రాణీఖేత్‌లో ఉన్నది. దాని నాలుగో బెటాలియన్ మలయాలో యుద్ధం చేసింది. రెండు, నిజాం సొంత సైన్యం. దీని ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ కూడా మలయాలోనే, కోట బారు విమానాశ్రయం దగ్గర కాపలాగా ఉన్నది. 1941 డిసెంబరు 7 అర్ధరాత్రి దాటాక జపాన్ సైన్యం దిగింది ఆ తీరంలోనే. ఒకే పేరు, ఒకే దేశం, ఒకే నెలలు. కాని దస్త్రాలు వేరు, జీతం ఇచ్చిన చేయి వేరు.

మూడోది పైలట్ల కుటుంబాలను తప్పుదారి పట్టిస్తుంది. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 110, 152, 253 నెంబర్ల స్క్వాడ్రన్లకు, అంటే విమాన దళాలకు, హైదరాబాద్ పేరు ఉండేది. నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. 152 స్పిట్‌ఫైర్ విమానాలతోను, 253 హరికేన్ విమానాలతోను 1940లో ఇంగ్లండు మీద జరిగిన వైమానిక యుద్ధంలో పోరాడాయి. పేరును బట్టి వాటిలో హైదరాబాదీయులు ఉండేవారని అనుకోకూడదు. నేను అనుకున్నాను, 152 స్క్వాడ్రన్ దినచర్యను నెలల తరబడి చదివాను. చిన్నాయన ఉన్నది ఇండియన్ ఎయిర్ ఫోర్స్‌లో. 1932లో ఏర్పడిన ఈ దళానికి 1945 మార్చిలో "రాయల్" బిరుదు వచ్చింది కాబట్టి అంతకు ముందు కాగితాలలో ఆ మాట లేకుండా, ఆ తరువాతి కాగితాలలో ఆ మాటతోను వెతకాలి.

అన్న దారి: సింగపూర్ తరువాత

భారత సిపాయిల విషయంలో ముందు గుర్తుంచుకోవలసింది, వాళ్ళను బ్రిటిష్ సిపాయిలతో కలిపి ఉంచలేదని. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. 17వ తేదీన భారత సిపాయిలను ఫారర్ పార్కు మైదానంలో వేరుగా సమావేశపరిచి, జపాన్ అధికారి మేజర్ ఫుజివారా, ఆజాద్ హింద్ ఫౌజును మొదట కట్టిన కెప్టెన్ మోహన్‌సింగ్‌ల చేతికి అప్పగించారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా ఖైదీలు చాంగీకి వెళ్ళారు, భారతీయులు నీసూన్, బిడాదరి వంటి శిబిరాలకు వెళ్ళారు. చాంగీ ఖైదీల జాబితాలలో మన మనిషి పేరు లేదంటే దానికి అర్థం ఏమీ లేదు.

తరువాత, యుద్ధంలో చనిపోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో వెతకాలి. ఇది ఉచితం. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 మధ్య చనిపోయినవారి పేర్లు ఇందులో ఉంటాయి. పేరుతో దొరకకపోతే అదనపు సమాచారం అన్న గడిలో జిల్లా పేరు వేసి చూడండి. భారత సిపాయిల నమోదులలో తరచుగా తండ్రి పేరు, భార్య పేరు, ఊరు ఉంటాయి. నేను వరంగల్ అని వేసి వచ్చిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివాను. అందులో మా వాళ్ళు కాని పేర్లు చదువుతున్నప్పుడు కూడా మనసు కలిచివేసింది. ఆ ఊళ్ళన్నీ మనకు తెలిసిన ఊళ్ళే.

పెద్దాయన పేరు దొరికింది. మరణ తేదీ 15-2-1942. అంటే సింగపూర్ లొంగిన రోజే చనిపోయాడని మేము నమ్మాం. కాని అదే సందుగలో, ఆయన చేతిరాతతో, సెన్సారు ముద్రతో ఉన్న ఖైదీల పోస్టుకార్డు ఒకటి 1943 నాటిది. సమాధానం కమిషన్ వారి వివరణలోనే ఉన్నది. సమాధి తెలియనివారి పేర్లు చెక్కిన సింగపూర్ స్మారకం మీద ఉన్నవారిలో చాలామంది మరణ తేదీ తెలియదు. అటువంటివారికి, వాళ్ళు గల్లంతైన రోజునో పట్టుబడిన రోజునో తేదీగా వేశారు. కాబట్టి ఖైదీ పేరు పక్కన లొంగుబాటు తేదీ కనిపిస్తే దాన్ని మరణ తేదీగా రాసుకోకండి, "ఈ రోజు దాకా దస్త్రంలో ఉన్నాడు" అని రాసుకోండి.

1943 తరువాత ఏమై ఉంటాడన్న ప్రశ్నకు రెండు దారులున్నాయి. ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారు ఒక దారి. చేరనివారిలో వేలమందిని ఓడలలో న్యూ గినీ, న్యూ బ్రిటన్ దీవులకు కూలిపనికి పంపారు. అక్కడ ఆకలితో, జబ్బులతో, దెబ్బలతో పోయినవారు లెక్కకు మిక్కిలి. మిగిలినవారిని 1945లో ఆస్ట్రేలియా సైన్యం విడిపించింది. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ వెబ్‌సైటులో అట్లా విడుదలైన భారత సిపాయిల ఫోటోలు ఉన్నాయి, కొన్నింటి కింద వాళ్ళ పేర్లూ ఉన్నాయి. ఫౌజులో చేరినవారిని తిరిగి వచ్చాక బ్రిటిష్ వారు తెలుపు, బూడిద, నలుపు అని మూడు తరగతులుగా విడదీశారు. ఆ విచారణల కాగితాలు, ఫౌజు కాగితాలు న్యూఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి సూచికలో కొంత భాగం అభిలేఖ్ పటల్ అన్న వెబ్‌సైటులో ఇంటినుంచే వెతకవచ్చు.

ఏ దారిలో పోయినా ఆ మనిషిని తీర్పు చెప్పే చూపుతో వెతకవద్దు. ఆకలితో ఉన్న ఖైదీ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడో మనకు దస్త్రం చెప్పదు.

మన దగ్గరే ఉండి, ఎవరూ అడగని ఒక ఆధారం గురించి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 1972లో ప్రారంభించిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు ఆజాద్ హింద్ ఫౌజు వారు కూడా అర్హులయ్యారు. దరఖాస్తుతోపాటు తోటి ఖైదీల ప్రమాణపత్రాలు జతచేసేవారు. ఒక మనిషి దరఖాస్తులో అతనితో ఉన్నవారి పేర్లు, శిబిరాల పేర్లు, ఓడ ఎక్కిన నెలలు ఉంటాయి. తిరిగి వచ్చి, ఈ పింఛను తీసుకున్న సిపాయి మీ జిల్లాలో ఒక్కరున్నా, ఆ కుటుంబాన్ని కలవండి, వారి సమ్మతితో ఆ కాగితాల నకళ్ళు చూడండి. 1943లో పెద్దాయన తూర్పు దీవుల ఓడ ఎక్కాడన్న సంగతి మాకు తెలిసింది పక్క జిల్లాలోని ఒక కుటుంబం దాచుకున్న అటువంటి ప్రమాణపత్రంలోని రెండు వాక్యాల వల్లనే.

నిజాం సైన్యం మనిషి అయితే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. పాత ఉర్దూ చేతిరాత, ముఖ్యంగా షికస్తా అనే గొలుసుకట్టు రాత, చదవగలిగిన పెద్దమనిషిని వెంట తీసుకుపోండి. మన హనుమకొండ, వరంగల్ పాత వీధుల్లో అటువంటివారు ఇంకా ఉన్నారు, వాళ్ళున్నప్పుడే ఈ పని చేసుకోవాలి.

తమ్ముడి దారి: ఖాళీగా ఉన్న గడి

పైలట్ జాడ వెతకడం సిపాయి జాడ వెతకడం కంటే ఒక విధంగా సులువు. ప్రతి స్క్వాడ్రనూ ఆపరేషన్స్ రికార్డ్ బుక్ అనే దినచర్య రాసేది. అందులో ఫారం 540 రోజువారీ కథనం, ఫారం 541 ఎగిరిన ప్రతి విమానం లెక్క. రాయల్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్లవి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అన్న వరుసలో ఉన్నాయి, కంప్యూటరులో చూడవచ్చు. ఇండియన్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్ల కోసం న్యూఢిల్లీలో రక్షణ మంత్రిత్వశాఖ చరిత్ర విభాగానికి రాయాలి. భారత్ రక్షక్ వెబ్‌సైటులోని వైమానికదళ అధికారుల జాబితాను కూడా చూడండి, సర్వీసు నెంబరు దొరికితే సగం పని అయినట్లే.

స్క్వాడ్రన్ నెంబరు తెలియకపోతే శిక్షణ దారి నుంచి రావాలి. ఆనాటి భారత పైలట్లు లాహోరు దగ్గరి వాల్టన్‌లో మొదటి పాఠాలు, మన బేగంపేటలోని ఒకటో నెంబరు ఫ్లయింగ్ స్కూలులో టైగర్ మాత్ శిక్షణ విమానం మీద తొలి ఎగురుడు, అంబాలాలో పై శిక్షణ పొందేవారు. ఇంట్లో ఉన్న ఫోటో ఏ ఊరిలో తీయించినదో స్టూడియో ముద్ర చెబుతుంది. మా ఫోటో వెనుక అంబాలా స్టూడియో ముద్ర ఉండడం వల్ల ఆయన శిక్షణ పూర్తిచేసిన కాలాన్ని దాదాపుగా లెక్క కట్టగలిగాం.

ఫారం 541ను ఎట్లా చదవాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అంతా అక్కడే ఉంటుంది. పేజీ అడ్డంగా గళ్ళుగా ఉంటుంది: తేదీ, విమానం రకం, నెంబరు, పైలట్ పేరు, పని, ఎగిరిన సమయం, దిగిన సమయం, వివరాలు. బర్మా పడమటి తీరంలోని అరకాన్ మీద శత్రువు జాడ తీయడానికి వెళ్ళే హరికేన్‌లు జంటగా వెళ్ళేవి. ముందు విమానం పైలట్ నేల మీది సంగతులు చూసేవాడు, రెండో విమానం అతని వెనుక అటూ ఇటూ తిరుగుతూ కాపలా కాసేది. కాబట్టి ఏ రోజునైనా ఒకే సమయానికి ఎగిరిన రెండు వరుసలు పక్కపక్కన కనిపిస్తాయి. మేము వెతికిన పేజీలో రెండు వరుసలకూ ఎగిరిన సమయం ఒకటే. పై వరుసలో దిగిన సమయం రాసి ఉన్నది. కింది వరుసలో ఆ గడి ఖాళీగా ఉన్నది. ఆ గడి ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను.

ఖాళీ గడి దొరికిన తరువాత మన పైలట్ వరుసను వదిలి, జంటగా వెళ్ళినవాడి వరుసను, ఆనాటి ఫారం 540ను చదవాలి. చూసినవాడు అతనే కాబట్టి సాక్ష్యం అతని వివరాలలోనే ఉంటుంది. మా విషయంలో, విమానం పొట్ట మీద వరి మడిలో దిగిందని, మంట రాలేదని, పైలట్ రెక్క మీద నిలబడి చేయి ఊపాడని అందులో ఉన్నది. తంతిలో "బిలీవ్డ్ ప్రిజనర్" అని ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది.

బర్మాలో పట్టుబడిన వైమానికులను రంగూన్ సెంట్రల్ జైలుకు తెచ్చేవారు. బండిచక్రం ఆకుల్లా నడిమి నుంచి చుట్టూ విచ్చుకున్న కట్టడాలు ఆ జైలువి. వైమానికులను యుద్ధఖైదీలుగా కాక నేరస్తులుగా చూసి, మిగిలినవారికంటే తక్కువ తిండి పెట్టి వేరుగా ఉంచేవారు. 1945 ఏప్రిల్ చివర జపాన్ సైన్యం నడవగలిగిన ఖైదీలను పెగూ వైపు నడిపించుకొనిపోయి, 29వ తేదీన వదిలేసింది. జైలులో మిగిలినవారు మే మొదటి రోజుల్లో విడుదలయ్యారు. ఈ తేదీలు ఎందుకు ముఖ్యమంటే, బతికి వచ్చినవారు ఇచ్చిన వాంగ్మూలాలన్నీ ఆ తరువాతి నెలలవి. విడుదలైన ఖైదీల ప్రశ్నపత్రాలు క్యూ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. (వార్ ఆఫీస్) 344 వరుసలోను, జపాన్ వారు రాసిన ఖైదీల కార్డులు డబ్ల్యూ.ఓ. 345 వరుసలోను ఉన్నాయి. కార్డు మీద అడ్డంగా ఎర్రగీత ఉంటే ఆ ఖైదీ చనిపోయాడని గుర్తు. చనిపోయిన పైలట్ ప్రశ్నపత్రం ఉండదు కాబట్టి, అతనితో ఒకే గదిలో ఉండి బతికినవారి ప్రశ్నపత్రాలు చదవాలి. భారతీయుల పేర్లు వాటిలో చెవికి విన్నట్టు రాసి ఉంటాయి. ముందు మనం పేజీ నిండా రాసుకున్న పేర్ల జాబితా ఇక్కడ అక్కరకు వస్తుంది.

ఐరోపాలో, ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడినవారి దారి వేరు. జర్మన్లకు చిక్కిన వైమానికులు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి డులాగ్ లుఫ్ట్‌లో విచారణ అయ్యాక సాగాన్ వంటి శిబిరాలకు వెళ్ళేవారు. వారికి జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ దస్త్రాలు ఎంతో మేలు చేస్తాయి. రెడ్‌క్రాస్ కుటుంబాల అభ్యర్థనలను విడతలుగా మాత్రమే తీసుకుంటుంది, ఆ రోజులు చూసుకొని పంపాలి. జపాన్ 1929 జెనీవా ఒప్పందాన్ని ఆమోదించలేదు, ఖైదీల వివరాలు సరిగా పంపలేదు. అందువల్ల తూర్పు యుద్ధం ఖైదీల కోసం జెనీవా మీదనే ఆశ పెట్టుకోవద్దు.

సింగపూర్ ముడి

చిన్నాయన బర్మాలో పోతే ఆయన పేరు సింగపూర్‌లో ఎందుకున్నది? బర్మాలో సమాధి లేని సిపాయిల పేర్లు రంగూన్ స్మారకం మీద ఉంటాయి, వైమానికుల విషయంలో మాత్రం వేరే ఏర్పాటు చేశారు. దక్షిణాసియా, తూర్పు ఆసియా అంతటా, ఆ సముద్రాల మీద చనిపోయి సమాధి దొరకని వైమానికులందరి పేర్లూ సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీదనే చెక్కారు. 24,000కు పైగా పేర్లున్న ఆ స్మారకం 1957లో తెరుచుకున్నది. ఆ కాలంలో మా ఇంటికి వచ్చిన ఒక ఉత్తరంలో "సింగపూర్ మెమోరియల్" అని ఉన్నది. చదివినవారు మనిషి అక్కడే పోయాడనుకున్నారు, అన్న కూడా అక్కడే కాబట్టి రెండు కథలూ ఒకటయ్యాయి. స్మారకం ఉన్న చోటు మరణించిన చోటు కాదన్న మాటను రెండు నోటుపుస్తకాల మొదటి పేజీల మీదా పెద్ద అక్షరాలతో రాసుకోండి.

రాయడం, తూచడం

కార్యాలయాలకు రాసే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పూర్తి పేరు దాని అన్ని రూపాలతో, తండ్రి పేరు, ఆనాటి ఊరు, తాలూకా, జిల్లా, దళం, నెంబరు, చివరి తేదీ, మీకూ ఆయనకూ ఉన్న చుట్టరికం, కావలసిన ఒకే ఒక్క విషయం. బాధనంతా అందులో పెట్టాలనిపిస్తుంది, నాకూ అనిపించింది, కాని చదివే గుమాస్తాకు కావలసింది నెంబరు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి. ఆ చట్టంలోని 8(3) సెక్షన్ ప్రకారం 20 ఏళ్ళు దాటిన విషయాలకు మినహాయింపులలో చాలా భాగం వర్తించదు, ఆ సెక్షన్ నెంబరును దరఖాస్తులోనే రాయండి. ఒక కార్యాలయం నుంచి "దస్త్రం లేదు" అని నాకు వచ్చిన జవాబు, పేరును ఇంటిపేరు వెనక్కి మార్చి రెండోసారి అడిగినప్పుడు మూడు పేజీల నకలుగా మారింది.

దొరికిన ప్రతి సంగతి పక్కన అది ఎంత గట్టిదో రాయండి. ఆ రోజే రాసినదా, నెలల తరువాత గుర్తుతో చెప్పినదా, విన్నవాడు చెప్పినదా? మా పైలట్ విషయంలో విమానం దిగిన సంగతి ఆనాటి రాత, అందులో సందేహం లేదు. రంగూన్ జైలులో ఒక భారతీయ పైలట్ బెరిబెరితో పోయాడని ఒక ఖైదీ ఇచ్చిన వాంగ్మూలంలో పేరు మాది వంటిదే గాని మాదే కాదు. దాన్ని "కావచ్చు" అని రాశాను. ఇంట్లోవాళ్ళు "ఆయనే" అని రాయమన్నారు. అట్లా రాస్తే, రేపు వేరే కుటుంబం అదే పైలట్ కోసం వెతుకుతూ వస్తే, వాళ్ళ మనిషిని మనం తీసుకున్నవాళ్ళమవుతామని చెప్పి ఒప్పించాను.

బాపమ్మ పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు పెద్దన్న పేరు చెప్పేదే గాని చిన్నన్న పేరు ఎన్నడూ చెప్పలేదు. ఆయన చేయి ఊపాడన్న మాట ఆమెకు తెలియదు, నోటితో ఇద్దరూ పోయారన్నా, మనసులో ఆయన బతికే ఉన్నాడని ఆమె చివరిదాకా నమ్మింది. ఈ సంగతిని కూడా తమ్ముడి నోటుపుస్తకంలో, ఇంటి మాటల పేజీలో, తేదీ లేకుండా రాసిపెట్టాను.

ఇక మిగిలింది వార్ గ్రేవ్స్ కమిషన్‌కు సవరణ పంపడం. ఆధారం చూపితే వాళ్ళు పేరులోని తప్పులు, ఖాళీగా ఉన్న వివరాలు సరిచేస్తారు. చిన్నాయన నమోదులో తండ్రి పేరూ లేదు, ఊరూ లేదు. తంతి, ఫోటో, పాత పహాణీలో ఆయన తండ్రి పేరున్న పేజీ, ఈ మూడింటి నకళ్ళనూ ఒకే కవరులో పెట్టి, పైన ఒక పేజీ ఉత్తరంతో పంపాము. అన్న మరణ తేదీ విషయంలో మాత్రం 1943 పోస్టుకార్డు రెండు వైపులా ఫోటో తీసి వేరే కవరులో, వేరే ఉత్తరంతో పంపాము.